మొదటి వంతు శివారుకే

రామకోటేశ్వరరావు గారిని ఉయ్యూరులో లస్కరు గారంటారు. కాలవ మీద తూములూ షట్టర్లూ చూసుకునే ఉద్యోగం ముప్పై ఒక్క ఏళ్ళు చేసి రిటైరైన మనిషికి సొంత ఊళ్ళో ఆ పేరుండటంలో వింతేమీ లేదు. హైదరాబాదులోనూ బెంగుళూరులోనూ కంప్యూటర్ల ముందు కూర్చునే పిల్లలు కూడా ‘లస్కరు గారూ, ఈ ఆట అయిపోయిందండీ, ఇప్పుడేది ఆడమంటారు?’ అని అడుగుతారు చూడండి, వింతంటే అది.

రిటైరైన ఏడాదే ఆయన కాలవ గట్టు మీద జారి కాలు విరగ్గొట్టుకున్నాడు. రెండు నెలలు మంచం. ఇంట్లో ఆయన గోల భరించలేక కూతురు ఉష తన పాత లాప్‌టాప్ తెచ్చి ఒళ్ళో పెట్టింది. అందులో ఒక ఆట. మొదట మనకొక చిన్న పల్లె, చుట్టూ కాస్త నేల. మన వంతులో పొలం దున్నించుకోవచ్చు, బాట వేయించుకోవచ్చు, కోట కట్టించుకోవచ్చు. అయిందని నొక్కితే పొరుగు రాజులు వాళ్ళ వంతు ఆడతారు. మళ్ళీ మనకొస్తుంది. అలా వంతులు తిరిగి తిరిగి పల్లె పట్నమై, పట్నం రాజ్యమై, మూడువేల ఏళ్ళు గడిచిపోతాయి. కట్టు విప్పిన రోజున డాక్టరు నడవమంటే, ఒక్క వంతు ఆగమన్నాడట రామకోటేశ్వరరావు. కాలు బాగైంది, మనిషే పాడయ్యాడని భార్య కనకలక్ష్మి ఇప్పటికీ చుట్టాలందరికీ చెబుతుంది.

అసలు ఆయనకు నచ్చింది అందులోని మర్యాద. తుపాకీ ఆటల్లో కన్ను మూసి తెరిచేలోగా చంపేస్తారు. ఇందులో అలా కాదు, మనం ఆలోచించుకునేదాకా లోకమంతా ఆగుతుంది. ఎవరి వంతు వాళ్ళది. ముప్పై ఒక్క ఏళ్ళు కాలవ నీళ్ళ వంతుల మీద బతికిన మనిషికి అంతకన్నా ఏం కావాలి?

ఇప్పుడు ప్రతి ఆదివారం పొద్దున పదింటికి వీడియో తీయడానికి కనకలక్ష్మి ఫోను పట్టుకుంటుంది, ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని ఎవరికి ఏ ఆట సరిపోతుందో చెబుతాడు. అరవై వేల మంది చూస్తారు. ఆయన ఏ ఆటనీ ఊరికే చెప్పడు. ముందు అడుగుతాడు. మీకు యుద్ధం ఇష్టమా, పంట ఇష్టమా? రోజుకెంత సేపు కూర్చోగలరు? పక్క రాజ్యాన్ని మింగేద్దామనుందా, దాంతో వ్యాపారం చేద్దామనుందా? ఏలూరు నుంచి ఒక బ్యాంకు ఉద్యోగి, ప్రపంచమంతా ఏలి ఏలి విసుగొచ్చిందండీ అని రాస్తే, ఒకే లోయలో పన్నెండు ఊళ్ళుండే ఆట చెప్పాడు. ‘ఇందులో గెలవడమంటే చలికాలం దాటి బతికుండటమేనండీ, అంతే. మీ పొగరు దిగుతుంది’ అన్నాడు. యుద్ధమంటే గిట్టని టీచరమ్మకు దీవుల మధ్య ఓడల వ్యాపారం చెప్పాడు. భోజనం టైములో మాత్రమే ఖాళీ దొరికే వాడికి యాభై వంతుల్లో తేలిపోయేది చెప్పాడు. చివరిదాకా ఆడనిదే నోరు విప్పడు, మొహమాటానికి ఊకొట్టడు. ఒక కంపెనీవాళ్ళు పొగడమని పంపిన ఆటను ఆడి, నూరో వంతు తర్వాత ఇందులో చేయడానికి పనేమీ లేదని మొహం మీదే చెప్పేశాడు.

ఇటువంటి మనిషి ముందుకి ఉష తన సొంత ఆట తెచ్చింది.

ఆటోనగర్‌లో లారీ విడిభాగాల షాపు మీద ఒక గది అద్దెకు తీసుకుని, స్నేహితులు చక్రీ, ఏంజెల్‌తో కలిసి రెండేళ్ళు కష్టపడి చేసిన ఆట అది. కింద రోజంతా రేకులు కొట్టే మోత, పైన వీళ్ళ పని. పేరు ‘ఆయకట్టు’. ఒక నది, ఒక పెద్ద కాలవ, దాని వెంట తొమ్మిది ఊళ్ళు. ఒక్కొక్క ఆటగాడికి కొన్ని ఊళ్ళు. నీళ్ళు పారించి పంట తీసి, మిల్లులు కట్టి, రేవు కట్టి, చివరికి డెల్టా మొత్తం ఏలాలి. పది రోజుల్లో విడుదల.

“నాన్నా, వచ్చే ఆదివారం దీని గురించి చెబుతావుగా?” అంది ఉష. “నువ్వు చెబితే జనం చూస్తారు. లేకపోతే రోజూ వచ్చే వంద ఆటల్లో ఇదీ ఒకటి, ఎవడూ పట్టించుకోడు.”

“ఆడి చెబుతాను,” అన్నాడాయన. పైకి అంతే అన్నాడు గానీ, లోపల ఆయన ఆనందం అంతా ఇంతా కాదు. నా కూతురు రాజ్యాన్నే తయారుచేసిందనుకున్నాడు. ఆ సాయంత్రం పాల కోసం బజారుకెళ్ళి, పాలు మరిచిపోయి, కనబడ్డవాళ్ళందరికీ ఆ సంగతి చెప్పి వట్టి చేతులతో తిరిగొచ్చాడు.

నాలుగు రోజుల్లో పదకొండుసార్లు ఆడాడు. బొమ్మలు బాగున్నాయి. వరికోత బాగుంది. పడవలు బాగున్నాయి. పదకొండుసార్లూ కాలవకు పై ఊళ్ళు తీసుకున్నవాడే గెలిచాడు. కింది ఊళ్ళు తీసుకుని ఆయనే ఎంత తెలివిగా ఆడినా, నది తగ్గిన ఏడాది చేలన్నీ ఎండిపోయి కూర్చున్నాయి. ఎందుకంటే ప్రతి వంతులోనూ నీళ్ళు పై ఊరి నుంచి మొదలై, వాళ్ళు తాగినన్ని తాగాక మిగిలింది కిందికి వస్తోంది.

“ఇది చెప్పనమ్మా,” అన్నాడు గురువారం పొద్దున్నే.

ఉష లాప్‌టాప్ తన వైపు తిప్పుకుంది. “ఎందుకని?”

“ఎవడు గెలుస్తాడో కూర్చునే ముందే తెలిసిపోతోంది. అలాంటి ఆట జనానికి ఎలా చెప్పను? అయినా నీళ్ళు పైనుంచి ఎవడిస్తాడే? నీకీ పద్ధతి ఎవరు చెప్పారు?”

“నువ్వే!” అంది ఉష. ఆ పిల్లకి కోపమొస్తే గొంతు పెరగదు, సన్నబడుతుంది. “నువ్వు చేసిందే పెట్టాను నాన్నా. చిన్నప్పుడు రోజూ చూసేదాన్నిగా. కాలవలో నీళ్ళు తక్కువున్నప్పుడు పొద్దున్నే మన ఇంటి ముందు తూము దగ్గర హ్యాండిలు తిప్పి, అప్పుడు సైకిలేసుకుని కిందికి వెళ్ళేవాడివి. ముందు పైవాళ్ళకి, తర్వాత కిందివాళ్ళకి. నాకు తెలిసిన కాలవ అదే.”

పై ఊళ్ళ పెద్దమనుషులు ఇంటి మీదికొచ్చి అరిచినప్పుడు కూడా రామకోటేశ్వరరావు ఇంత దెబ్బ తినలేదు. బదిలీ చేయిస్తామని బెదిరించినప్పుడూ తినలేదు. ఇప్పుడు తిన్నాడు. ముప్పై ఒక్క ఏళ్ళు ఏ పని చేశానని రొమ్ము విరుచుకుని తిరిగాడో, దాన్ని కన్నకూతురు తలకిందులుగా తెలుసుకుని పెరిగింది. అందుకు చాలా బాధేసింది ఆయనకు. తిప్పడం చూసింది పిల్ల. ఎటు తిప్పాడో చూడలేదు. ఆ తూము ఆయన తెరవలేదు, మూశాడు. పై తూములన్నీ మూసుకుంటూ పోతేనే కదా నీళ్ళు కాలవ చివరనున్న శివారుకు చేరేది.

ఆ మాట అప్పుడే చెప్పేయొచ్చు. కానీ తన గొప్ప తనే చెప్పుకుంటున్నట్టుంటుందని అహం అడ్డొచ్చింది. “రేపు నాతో రా,” అన్నాడంతే.

“ఇద్దరికిద్దరూ సరిపోయారు,” అంది కనకలక్ష్మి వంటింట్లోంచి. “నోటితో చెబితే పోయేదానికి స్కూటరు, పెట్రోలు.”

శుక్రవారం పొద్దున్నే కాలవ గట్టు మీదుగా బయల్దేరారు. చెరుకుతోటలు దాటారు, వరిచేలు దాటారు, గట్టు సన్నబడింది, రొయ్యల చెరువులు కనిపించాయి, గాలిలో ఉప్పు తగిలింది. కాలవ చివరి ఊళ్ళో, ఆఖరి తూము పక్కన, ఒకావిడ గడ్డి మోపు దించుకుంటోంది. ఆవిడ పేరు మాణిక్యమ్మ, అక్కడే రెండెకరాలు చేసుకుంటుంది. ఈయన్ని చూడగానే నవ్వేసింది.

“ఏమండోయ్ లస్కరు గారూ! ఏళ్ళయిపోయింది మిమ్మల్ని చూసి! కూర్చోండి కూర్చోండి. మీ చోటు అట్టాగే ఉంది.”

తూము పక్కన అరుగు రాయి చూపించింది.

“మా అమ్మాయి, ఉష,” అన్నాడు. కాలవ వైపు తిరిగి నిలబడ్డాడు.

“ఈయన అమ్మాయివా!” అని మాణిక్యమ్మ ఉష రెండు చేతులూ పట్టుకుంది. “ఏం చెప్పమంటావమ్మా మీ నాన్న గారి గురించి? నీళ్ళు తక్కువైన ఏడు మొదటి వంతు మాదే. పైన తూములన్నీ మూసుకుంటా వచ్చి, ఇదిగో ఇక్కడ కూర్చునేవారు. ఒక పగలు, ఒక రాత్రి పట్టేది నీళ్ళు ఈడకి రావడానికి. కాలవలో నీళ్ళు కనబడేదాకా లేచేవారు కాదు. మా నాలుగు రోజులు అయ్యాకే పై ఊరికి, దాని తర్వాత ఆ పై ఊరికి. పైవాళ్ళు తిట్టిన తిట్లు వింటే చెవులు మూసుకోవాలి.”

“ఊరుకునేవారా పైవాళ్ళు?” అంది ఉష.

“ఎందుకూరుకుంటారు? గండి కొట్టేవారు. తూము మూతపడకుండా గడ్డిమోపులు కుక్కేవారు. ఈయన మళ్ళీ సైకిలేసుకుని పరిగెత్తడం, మళ్ళీ పూడ్చడం.”

ఉష ఫోను తీసి రాసుకోవడం మొదలుపెట్టింది. ఎన్నాళ్ళ వంతు, గండి పూడ్చడానికి ఎంతమంది, ఎంత సేపు. ఉన్నట్టుండి అడిగింది: “మీకసలు నీళ్ళు రాకపోతే ఏమయ్యేదండీ?”

“ఏముందమ్మా, ఉప్పు పైకొస్తది. సముద్రం ఇక్కడే గదా. తీపి నీళ్ళు పారినన్నాళ్ళే అది అవతల ఉంటది.”

ఉష రాసుకోవడం ఆపి, కాలవ వచ్చిన దారి వైపు చాలాసేపు చూసింది. తిరుగు ప్రయాణంలో సగం దూరం వచ్చాక, వెనక సీటు మీద నుంచి అంది: “అటు తిప్పితే మూతపడుతుందని నాకు తెలియదు నాన్నా.”

“తెలియదులే,” అన్నాడు. “నేనెప్పుడు చెప్పాను గనక.”

ఆ ఆదివారం ఆయన ఇంకేదో రోమను రాజ్యాల ఆట గురించి చెప్పాడు. ఉష ఆటోనగర్ నుంచి ఇంటికి రాలేదు. చక్రికి జ్వరమొచ్చినా పని ఆగలేదని, ఏంజెల్ గదిలోనే వండుతోందని కబుర్లు వచ్చాయి. విడుదల రేపనగా, తొమ్మిదో రోజు మధ్యాహ్నం ఉష వచ్చి, లాప్‌టాప్ తండ్రి ముందు పెట్టి, కంచంలో అన్నం పెట్టించుకుని, అటు తిరిగి కూర్చుని తినడం మొదలుపెట్టింది. చూడనట్టు నటిస్తోందని ఇంట్లో అందరికీ తెలుసు.

ఇప్పుడు మొదటి వంతు శివారుకి. పై ఊళ్ళు కావాలంటే గండి కొట్టొచ్చు, ఆట ఎవర్నీ ఆపదు. చూద్దాం ఎంత దూరం వెళ్ళనిస్తుందో అని రామకోటేశ్వరరావు కావాలనే పై ఊళ్ళు తీసుకుని, జీవితంలో తనను ఏడిపించినవాళ్ళు చేసిన పనులన్నీ చేశాడు. గండి కొట్టాడు. గడ్డి కుక్కాడు. ఇరవై వంతుల్లో మిల్లులూ మేడలూ లేచాయి. శివారు ఊరు ఎండిపోయింది. మళ్ళీ పాత ఆటే కదా అనుకున్నాడు.

ముప్పయ్యో వంతులో శివారు చేలు తెల్లబడ్డాయి. ముప్పై అయిదులో దాని పై ఊరు తెల్లబడింది. ఉప్పు వంతుకొక బారెడు చొప్పున కాలవ వెంట ఎదురెక్కుతోంది. ఆయన హడావుడిగా గండ్లు పూడ్చి నీళ్ళు వదిలాడు గానీ, అప్పటికే ఆలస్యమైంది. యాభయ్యో వంతుకు ఉప్పు ఆయన మేడల దాకా వచ్చింది. ఓడిపోయాడు. ఈసారి జాగ్రత్తగా, కొంచెమే దొంగతనం చేశాడు. ఆలస్యంగా ఓడిపోయాడు. మూడోసారి కూడా ఓడిపోయాక లాప్‌టాప్ మూసి కళ్ళజోడు తీశాడు.

ముప్పై ఒక్క ఏళ్ళు పై ఊళ్ళవాళ్ళు ఆయన్ని ఒకటే అడిగారు, ముందు కిందివాళ్ళకెందుకివ్వాలయ్యా అని. రూలండీ అనేవాడు. న్యాయమండీ అనేవాడు. ఆ రెండు మాటలకూ ఎవడూ తలవంచలేదు. పై అధికారులు చెప్పారు, తనకూ అదే న్యాయమనిపించింది, చేశాడు. కిందివాడి పంటే పైవాడికి కాపలా అని ఆయనకెన్నడూ తట్టలేదు. పాతికేళ్ళు దాటి నాలుగేళ్ళు కాని పిల్లకు ఒక్క పూటలో, ఒక ముసలావిడ మాటలో అది తట్టింది.

ఆదివారం పదింటికి కనకలక్ష్మి ఫోను పట్టుకుంది. మన పిల్ల అని చెప్పకండి, పక్షపాతమంటారని ముందే హెచ్చరించింది. ఉష తలుపు చాటున నిలబడింది. ఆయన ఇస్త్రీ చొక్కా సవరించుకుని, గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు.

“అందరికీ నమస్కారమండీ. రాజ్యాలు కట్టే ఆటలు ఇష్టపడేవాళ్ళకు ఇన్నాళ్ళూ చాలా చెప్పాను. ఇవాళ చెప్పేదాని పేరు ఆయకట్టు. తొమ్మిది ఊళ్ళు, ఒక్క కాలవ. ఎక్కువ చదవక్కర్లేదు, గంటలో అర్థమవుతుంది, నెల రోజులు వదలదు. పక్కవాణ్ణి ముంచి గెలుద్దామనుకునేవాళ్ళు తప్పకుండా ఆడండి. నేను అలాగే ఆడాను. మూడుసార్లు చిత్తుగా ఓడిపోయాను.” ఫోనుకి దగ్గరగా జరిగాడు. “నేను లస్కరునండీ. శివారుకి నీళ్ళు ముందెందుకని నన్ను అడగనివాడు లేడు. నా సర్వీసంతా నేను చెప్పలేకపోయిన జవాబు ఈ ఆటలో ఉంది. పై ఊళ్ళ పెద్దలెవరైనా చూస్తుంటే, అయ్యా, మీ బాకీ ఇన్నాళ్ళకు తీర్చాను, ఆడి చూసుకోండి.”

కనకలక్ష్మి చాలు చాలన్నట్టు చెయ్యి ఊపింది. ఆయన భార్యను చూశాడు, తలుపు వైపు చూశాడు, మళ్ళీ ఫోను వైపు తిరిగాడు.

“పక్షపాతమనుకుంటే అనుకోండి,” అన్నాడు. “దీన్ని చేసింది మా అమ్మాయి.”