తేరుకున్నానని రాసిమ్మన్నారు

బట్టల ఫ్యాక్టరీలో ఆవిరి గొట్టం పగిలిన నెలకి ఆమె మళ్ళీ ఇస్త్రీ పనికి వచ్చింది. కాలిన ఎడమచేతికి కట్టు విప్పి నాలుగు రోజులే అయింది. గంట గడవకముందే మేనేజరు గదిలోకి పిలిపించాడు. ఎనిమిదేళ్ళలో ఏనాడూ కూర్చోమనని మనిషి కుర్చీ లాగి మరీ కూర్చోబెట్టాడు. అక్కడే ఆమెకి అనుమానం వచ్చింది.

"చెయ్యెలా ఉందమ్మా? ఏం లేదు, చిన్న సంతకం. ఆ రోజు కాలినవాళ్ళందరూ పెట్టేశారు."

కాగితం మీద ఒకటే వాక్యం: 'నేను పూర్తిగా తేరుకున్నాను.'

"పనికొచ్చాను కదండీ. మళ్ళీ కాగితమెందుకు?"

"ఊరికే, ఫైల్లో ఉంటుందని," అంటూ ఆయన కిటికీ వైపు చూశాడు.

"ఇంట్లో చూపించి తెస్తాను," అని ఆమె మడిచి సంచిలో పెట్టుకుంది. ఆయన ముఖం మాడిపోయింది.

ఆమె అత్తగారు ముప్పై ఏళ్ళు అచ్చాఫీసులో నిఘంటువులకు ప్రూఫులు దిద్దింది. మాట కనబడితే చాలు, దాని పుట్టుపూర్వోత్తరాలు ఆరా తీస్తుంది. సాయంత్రం కళ్ళద్దాలు పెట్టుకుని కాగితం రెండుసార్లు చదివింది.

"తేరుకోవడమంటే గోడకి కొట్టిన బంతి ఠక్కున వెనక్కొచ్చినట్టని మీవాళ్ళు అనుకుంటున్నారు. ఇది నీళ్ళ మాట. తేరడమంటే తేటపడడం. బురదనీళ్ళు బిందెలో కదపకుండా ఉంచితే మెల్లగా తేరతాయి. మనిషి అలా కుదుటపడితే తేరుకోవడం."

"అయితే పెట్టెయ్యనా అత్తయ్యా?"

"మరి ఆ మన్నెక్కడికి పోయింది? అడుగునే ఉంది. పైగా 'పూర్తిగా' అట! ఏదీ, పిడికిలి బిగించు."

కోడలు బిగించబోయింది. రెండు వేళ్ళు వంగలేదు.

మర్నాడు ఆమె 'పూర్తిగా' కొట్టేసి, కింద రాసింది: 'రెండు వేళ్ళు వంగడం లేదు. పగిలిన గొట్టానికి అతుకే వేశారు, మార్చలేదు.' ఆ తర్వాతే సంతకం పెట్టింది.

"ఇదేంటి తల్లీ! రేపు తనిఖీ వాళ్ళొస్తుంటే!" అన్నాడు మేనేజరు. అనేశాక నాలుక కరుచుకున్నాడు.

గుమ్మంలో ఉన్న గుండీలు కుట్టే అక్క ఆ మాట విననే విన్నది. మధ్యాహ్నానికల్లా సంతకాలు పెట్టిన పదకొండుమందీ గది ముందు బారులు తీరారు.

"మా కాగితాలు మాకిచ్చెయ్యండి. సరిగ్గా రాసిస్తాం."

ఆయనకి ఇవ్వక తప్పలేదు. తనిఖీకి వచ్చినావిడ ఆ పన్నెండు కాగితాలూ చదివి, అతుకు చూసి, అప్పటికప్పుడు ఆవిరి ఆపించింది. పది రోజులకి కొత్త గొట్టం బిగించారు. కాలినవాళ్ళని మళ్ళీ వైద్యానికి పంపారు. ఆమెకి ఒక వేలు వంగింది. రెండోది ఇంకా మొరాయిస్తోంది.