ఇప్పచెట్టు కింద స్పానిష్ మాట

చండ్రుగొండ దర్జీ మహబూబ్ అలీ కూతురు తబస్సుం ఫోన్లో పాఠాలు వింటూ, కుట్టుమిషన్ చప్పుడు మధ్యనే స్పానిష్ నేర్చింది. తండాలో ఉండే మంగమ్మకు యాభై దాటాక అక్షరాలు దిద్దించింది కూడా ఆ పిల్లే. ‘ఆకు’ అని రాయించే ముందు చేతిలో ఆకు పెట్టేది. అప్పటి నుంచీ మంగమ్మకు ఆమె టీచరమ్మ.

ఇప్పుడా టీచరమ్మకే పరీక్ష వచ్చింది. అడవి పనుల మీద వీడియో తీసిన ఒక కంపెనీ, బొమ్మలు చూపకుండా ఇంగ్లిష్ మాటలు మాత్రం పంపి, మర్నాడు పొద్దున పదింటికల్లా స్పానిష్‌లో రాసిమ్మంది. నచ్చితే ఉద్యోగం.

రంజాన్ ఉపవాసానికి ముందు తినే సహరీ ముగించుకుని, చీకటి విడవకముందే తబస్సుం తండాకు వచ్చింది.

“పెద్దమ్మా, ఇప్పపువ్వు ఎట్ల తీస్తరో చూపియ్యి. ఇంగ్లిష్‌ల ‘పిక్’ అని ఊకున్నరు. స్పానిష్‌ల కోసేదానికి ఒక మాట, కిందికెల్లి ఏరేదానికి ఇంకో మాట. నేను కోసేదే రాసిన.”

“రాసినవ్ కద, ఇంక నిద్ర చెడగొట్టుకునుడేంది? గా దేశపోళ్లకు ఇప్పపువ్వు ఏం ఎరుక? ఏది రాసినా నడుస్తది.”

“నడుస్తది. గానీ నీకు ఆకు చేతిల పెట్టకుండ ఎన్నడన్న రాయించిన్నా?”

మంగమ్మ బుట్ట అందుకుంది.

ఇప్పచెట్టు కింద నేలను ముందురోజే ఊడ్చి పెట్టుకుంది. తబస్సుం కొమ్మ వంచబోయింది.

“ముట్టకు బిడ్డా. పువ్వు తెంపితే కాయ పోతది, కాయ పోతే నూనె పోతది. కూసో. అదే రాలుతది.”

ఇద్దరూ కూర్చున్నారు. తెల్లవారేసరికి లేతపసుపు పువ్వులు ఒక్కొక్కటే రాలాయి. మంగమ్మ వెంట తబస్సుం కూడా నడుం వంచి ఏరింది.

“ఒకటి తిను, తియ్యగుంటది” అని మంగమ్మ నాలుక కరుచుకుంది. “అయ్యో, నీకు రోజా కద.”

“నీ కొంగున కట్టి పెట్టు పెద్దమ్మా, పొద్దుగూకినంక తింట.”

తబస్సుం ఫోన్లో రాసిన మాట చెరిపి, కిందికెల్లి ఏరేదానికి వాడే ‘రెకోహెర్’ అని మార్చింది. తక్కిన పనుల మాటలు కూడా ఒక్కొక్కటే చెప్పి, మంగమ్మ చేతులతో చేయించి చూసింది. అక్కడ సిగ్నల్ లేదు. ఇద్దరూ గబగబా రోడ్డు మీదికి నడిచి, టైముకు ముందే పంపారు. ఒక్క మాట కోసం ఇంత తిరిగే పిల్లను మంగమ్మ తన బతుకులో చూడలేదు.

సాయంత్రం మంగమ్మ ఇఫ్తార్‌కు ఇప్పపువ్వులు తీసుకుని దర్జీ షాపుకు వెళితే, జవాబు వచ్చి ఉంది.

“ఏమన్నరు?”

“‘వీడియోల ఆమె వంగిన నడుం చూసినట్టే రాసినవు, సోమవారం నుంచి పనిల చేరు’ అన్నరు.”

“చూసినట్టేంది, చూసే రాసినవ్” అంది మంగమ్మ. “ఏదీ, ఆ ఏరే మాట నాకు గూడ దిద్దించు.”

తబస్సుం దర్జీ సుద్ద అందించింది.

“జర ఆగు టీచరమ్మా” అని మంగమ్మ ఎడమ అరచేతిలో ఒక ఇప్పపువ్వు పెట్టుకుంది. అప్పుడు బల్ల మీదికి వంగి ‘రె’ దిద్దింది.