ఆరు నెలల కక్ష

బట్టల కార్ఖానాలో ఆమె చొక్కాలకు కాలర్లు కుట్టేది. మొగుడు పోయాక నాలుగేళ్ల కూతుర్ని ఎవరి దగ్గరా వదల్లేక, వెంట తెచ్చుకుని మిషన్ పక్కన పీలికల మీద కూర్చోబెట్టేది. అక్కడ పని చేయించే మేస్త్రీ పిల్లను ముద్దు చేసేవాడు. ఒళ్లో పెట్టుకుని గుండీలు లెక్కపెట్టించేవాడు. ఆయనకు నెలల తరబడి దగ్గు. చూపించుకోమంటే, బీడీ దగ్గుకు డాక్టరెందుకని కొట్టిపారేసేవాడు.

పిల్లకు సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వెచ్చబడేది. తిండి సయించేది కాదు. రెండు నెలల్లో గౌన్లు వదులయ్యాయి. ఆసుపత్రిలో డాక్టరమ్మ ఛాతీకి ఎక్స్‌రే తీయించింది. ఇంత చిన్నపిల్లలు కఫం ఉమ్మలేరని, మింగేస్తారని, పరగడుపున కడుపులోంచే తీయాలని చెప్పింది. వరసగా రెండు పొద్దులు ముక్కులోంచి సన్నటి గొట్టం వేశారు. పిల్ల చేతులు తల్లే అదిమిపట్టింది. అప్పుడు పిల్ల చూసిన చూపు ఆమె గుండెలో దిగబడిపోయింది.

క్షయ అని తేలింది. సంగతి తెలిసి మేస్త్రీ ఆమెను గుమ్మంలోనే ఆపాడు.

"నీ పిల్ల రోగం పదిమందికీ అంటిస్తావా? రేపట్నించి పనికి రావద్దు."

ఆ మాట చెబితే డాక్టరమ్మ తల అడ్డంగా ఊపింది. "ఇంత చిన్నపిల్ల నుంచి అంటుకోవడం అరుదమ్మా. దీనికే పెద్దవాళ్లెవరో అంటించి ఉంటారు. మీ చుట్టుపక్కల విడవని దగ్గు ఎవరికైనా ఉందా?"

తల్లికి అప్పటికే పరీక్షలు చేశారు, ఏమీ లేదు. ఆమె పళ్లు బిగించి మేస్త్రీ సంగతి చెప్పింది.

ఆసుపత్రి నర్సు కార్ఖానాకు వచ్చి అందరికీ పరీక్షలు చేయించింది. మేస్త్రీ కఫంలోనే క్రిములు కనబడ్డాయి. అంటించే దశ దాటేదాకా ఆయన్ని ఇంట్లో ఉండమని, యజమాని ఆమెను తిరిగి పనిలోకి పిలిచాడు. పిల్లను మాత్రం ఆమె ఇక కార్ఖానాకు తేలేదు, పక్కింటివాళ్లను బతిమాలి వాళ్ల దగ్గర వదిలేది. మేస్త్రీది ఒంటరి బతుకు. రోజూ మందులు మింగుతున్నాడో లేదో ఎవరు చూస్తారని నర్సు అడిగితే అందరూ తలలు దించుకున్నారు. ఆమె మాత్రం తాను చూస్తానంది. ఆయన వద్దనలేకపోయాడు.

పొద్దున్నే కూతురికి నీళ్లలో కరిగే మాత్రలు పట్టి, అట్నుంచి అటే వెళ్లి అతని వాకిట్లో నిలబడేది. లోపలికి అడుగుపెట్టేది కాదు.

"మింగు. నోరు తెరువు. నాలుక ఎత్తు."

ఆమె మాటల్లో గారూ పోయింది, మీరూ పోయింది. రెండు నెలలకు అతను పనిలోకి వచ్చాడు. ఆమె మాత్రం మింగించడం మానలేదు. నాలుగో నెలలో, ఒంటికి కండ పట్టాక, ఒకరోజు మాత్ర బుగ్గన దాచుకుని దొరికిపోయాడు.

"తగ్గిపోయింది కదమ్మా. నా మీద ఎందుకింత పగ?"

"నువ్వు చస్తే నా పగ తీరదు. బతికుండి, నా కూతురికి ఏం చేశావో రోజూ తలుచుకోవాలి. మింగు."

మింగాడు.

ఆరు నెలలకు మందులు పూర్తయ్యాయి, చివరి పరీక్షలోనూ అతని కఫం శుభ్రంగానే ఉంది. పిల్ల ఒళ్లు చేసి, ఆసుపత్రిలో తూకం బల్ల ఎక్కి దిగనని మారాం చేసింది. మేస్త్రీ చేతులు జోడించాడు. తనకు దండాలు అక్కర్లేదని, మిషన్లన్నీ ఆపించి నలుగురి ముందూ నిజం చెప్పమని ఆమె పట్టుబట్టింది. అతను ఏదో గొణిగితే వినబడలేదంది.

"రోగం నాది," అన్నాడు గొంతు పెంచి. "పసిదానికి అంటించింది నేను. నింద తల్లి మీద వేశాను."

పిల్లను ఒక్కసారి చూస్తానన్నాడు. ఆమె చూపించనంది. అతను నలుగురిలో ఒప్పుకుంటే కడుపుమంట చల్లారుతుందనుకుంది. చల్లారలేదు.

ఇస్త్రీ బల్ల దగ్గరి పెద్దాయన లేచి వచ్చి, తనకూ మూడు వారాలుగా దగ్గుందని, పరీక్ష ఎక్కడ చేస్తారని మెల్లగా అడిగాడు. ఆమె చెప్పులు వేసుకుని ఆయన వెంట బయలుదేరింది.