మూడో షరతు

మైపాడు దారిలో కాలువ దాటించే రేవును జైతూన్‌బీ పంచాయతీ సమితి వేలంలో మూడేళ్ళకు పాడుకుంది. రేవు సమితిది, బల్లకట్టు ఆమెది. మొగుడు పోయాక ఆమెకు మిగిలింది ఆ బల్లకట్టొక్కటే.

ఒప్పందంలో మూడో షరతు ప్రకారం సర్కారు ఉద్యోగులనూ సమితివారినీ ఉచితంగా దాటించాలి. పాడుకున్నప్పుడు సర్కారంటే కరణం, మునసబు, నెలకోసారి వచ్చే పోలీసు. సమితికి కొత్త కొత్త ఆఫీసర్లు వచ్చిన పుణ్యమా అని ఏడాది తిరిగేసరికి రేవులో నిలబడ్డ ప్రతివాడూ సర్కారే. కోళ్ళ ఆఫీసరు, కుటుంబ నియంత్రణ ఆఫీసరు, ఆయన ఏడుగురు పిల్లలు! ప్రెసిడెంటు హజరత్తయ్య బావమరిది గేదెలు కూడా సమితి గేదెలే. ఉచితమంటే నాకొకటి, మా అన్నకొకటి.

కూలి గిట్టక, తాడు లాగే ఇద్దరూ ఉప్పు కొటార్లకు వెళ్ళిపోయారు. బల్లకట్టు మూడు రోజులు ఆగితే ఒప్పందం రద్దు. రద్దయితే పాడుకోబోయేది ఆ బావమరిదేనని ఊరందరికీ తెలుసు.

జైతూన్‌బీ సమితి ఆఫీసుకు పరుగెత్తింది.

"అయ్యా, ఆ మూడో షరతు మార్చండి. లేకుంటే నా బతుకు నీళ్ళపాలే."

"స్టాంపు కాగితం మీద రాసినాక ఎట్ట మారస్తాం బీబీ? షరతు షరతే," అన్నాడు హజరత్తయ్య, తాంబూలం నములుతూ.

ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ రేవుకు తాతలనాటి ఆనవాయితీ ఒకటుంది. దుడ్లిచ్చినవాడు కూర్చుంటాడు, లేనివాడు తాడు లాగుతాడు. బైరాగులు లాగారు, ఒకసారి పెళ్ళికొడుకూ లాగాడు.

కూలీలు పోయిన మూడో రోజు, అవతలి గట్టున బడికి శంకుస్థాపన చేయడానికి హజరత్తయ్య పరివారంతో రేవుకు వచ్చాడు. అప్పటికే డబ్బులిచ్చి, బల్లకట్టుమీద ఖాళీ తట్ట పక్కన కూర్చుంది చేపలమ్మే పేరమ్మ.

"తాడు లాగేవోళ్ళేరీ?"

"మీరే గదయ్యా. దుడ్లియ్యనోళ్ళు తాడు పట్టాల. మా మామ కాలం నుంచీ అంతే."

"నేను ప్రెసిడెంటును!"

"అందుకే ముందర మీరు పట్టుకోండి."

ఇచ్చేద్దామంటే ఒక్కరి జేబులోనూ కానీ లేదు. సమితి పుట్టినప్పటినుంచి జేబులో చెయ్యి పెట్టిన పాపాన పోలేదు వాళ్ళు. అవతలి గట్టున మేళం మోగుతోంది.

"బిరీన లాగండి సామీ, ఇంటికి పోయి ఎసరు పెట్టాల," అంది పేరమ్మ.

లాగారు. సముద్రపు గాలి ఎదురు కొట్టింది. నడికాలువకు వచ్చేసరికి కోళ్ళ ఆఫీసరు చతికిలబడ్డాడు. కుటుంబ నియంత్రణ ఆయన పిల్లలు మాత్రం భేషుగ్గా లాగారు, మందిబలం మరి. జైతూన్‌బీ ముఖం రాయిలా పెట్టుకుంది గానీ లోపల ఒకటే బెంగ. ఈయన కోపంతో రేపే రద్దు చేస్తే తను ఏ గంగలో దూకాలి?

గట్టు చేరగానే హజరత్తయ్య ఇసుకలో కూలబడి, వెనక్కి తిరిగి కాలువ వెడల్పు చూశాడు. సాయంత్రం మళ్ళీ ఇదే దారి.

"ఒరే గుమాస్తా, ఆ మూడో షరతు కొట్టెయ్‌రా! ఇప్పుడే!"

గుమాస్తా మోకాలిమీదే కాగితం రాశాడు. ప్రెసిడెంటు సంతకం పెట్టబోతే చేతిలో కలం నిలవలేదు. అరచేతుల నిండా బొబ్బలు, వేళ్ళు ముడుచుకోవడం లేదు. మేళం ఆగింది. ఊరంతా చూస్తోంది.

"దానికేముందయ్యా," అంది జైతూన్‌బీ. ఆయన బొటనవేలు పట్టుకుని, సిరాలో అద్ది, ఒప్పందం నాడు గుమాస్తా తన వేలు నొక్కినట్టే కాగితంమీద గట్టిగా నొక్కింది.