అడవిపంది అనుకున్నాడట

మా ఊరి రంపపు మిల్లు యజమాని రెమిగిష్ కోస్త్కా పట్టపగలు, ఆకులు రాలిపోయిన అడవిలో, విటోల్ద్ అనే మనిషిని కాల్చి చంపాడు. అడవిపంది అనుకున్నాడట. విటోల్ద్ ఒంటిమీద ఎర్ర కోటు ఉంది. ఎర్ర కోటు తొడుక్కుని తిరిగే పంది పోలండ్ మొత్తంలో ఎక్కడుందని పోలీసులెవరూ అడగలేదు. అడగాల్సినవాళ్ళే ఆదివారాలు కోస్త్కాతో కలిసి వేటకు వెళ్ళేవాళ్ళు మరి.

కేసు ప్రాసిక్యూటర్ ఉర్షులా గవ్లిక్ బల్ల మీదికి వచ్చింది. అప్పటికే ఆమె అలసిపోయి ఉంది. తాగి పెళ్ళాల్ని కొట్టేవాళ్ళతో, డబ్బాశకు సాక్ష్యం మార్చేవాళ్ళతో వయసంతా అరిగిపోయింది. మధ్యాహ్నం తెచ్చుకున్న పులుసు ముందే కునికిపాట్లు పడేది. ఇది కూడా ప్రమాదమని రాసి మూసేద్దామనుకుంది.

అంతలో విటోల్ద్ చెల్లెలు బోగ్నా వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఎండాకాలంలో మా అన్న కుక్కని కాల్చేశాడు మేడమ్ ఆ కోస్త్కా. అన్న కేసు పెట్టాడు. వెనక్కి తీసుకోమని బెదిరించినా తీసుకోలేదు. సరిగ్గా వాయిదా ముందు ఇలా చంపేశాడు. కుక్క కూడా పందిలాగే కనబడిందా ఆయనకి?"

ఆ కుక్క సంగతి పోలీసులు ఉర్షులాకు చెప్పనేలేదు. ఆమెకు ఒళ్ళు మండిపోయింది. మర్నాడే కోస్త్కాను అడవికి రప్పించి, జరిగింది జరిగినట్టు చేసి చూపించమంది. తూటాల్లేని తుపాకీ అతని చేతికిప్పించింది. విటోల్ద్ పడిపోయిన చోట తనే ఒక ఎర్ర కోటు తొడుక్కుని నిలబడింది. మామూలుగా మాట్లాడితే వినబడేంత దూరం. ఒక పోలీసు వీడియో తీస్తున్నాడు.

"తొందరగా కానివ్వండి మేడమ్, మిల్లులో పనుంది" అన్నాడు కోస్త్కా.

"ఇలాగే నిలబడ్డాడా?"

"అబ్బే, అలా కాదు" అన్నాడు విసుగ్గా. "చేతులు పైకెత్తాడు."

వీడియో తీసేవాడు నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు.

ఉర్షులా రెండు చేతులూ పైకెత్తింది. "ఇలాగా?"

కోస్త్కా తుపాకీ దించేశాడు. "లాయరు లేకుండా ఇంకో ముక్క మాట్లాడను."

సాయంత్రం ఆమె పైఅధికారి లేషెక్ పిలిచాడు.

"ఉర్షులా, వాడేదో కంగారులో వాగాడు. ప్రమాదమని రాసెయ్. రిటైరయ్యే వయసులో నీకెందుకీ గోల?"

"చంపొద్దని చేతులెత్తిన మనిషి లేషెక్! నువ్వూ వాళ్ళతో వేటకెళ్తావుగా. చేతులెత్తే పందిని ఎప్పుడైనా చూశావా?"

"నోరు జాగ్రత్త!"

"ఇన్నేళ్ళూ జాగ్రత్తగానే ఉంచుకున్నాను. సిగ్గేస్తోంది."

లేషెక్ కేసును ఆమె దగ్గర్నుంచి లాక్కుని, చెప్పినట్టు వినే మరొకరికిచ్చాడు. హత్య కాస్తా అజాగ్రత్త అయింది. ఉర్షులా తిన్నగా బోగ్నా ఇంటికెళ్ళింది.

"కోర్టులో నీకూ మాట్లాడే హక్కుంది. ఆ వీడియో వెయ్యమని జడ్జిని అడుగు. కాదంటే మళ్ళీ అడుగు."

బోగ్నా అడిగింది. కోస్త్కా లాయరు అభ్యంతరం చెప్పాడు. మళ్ళీ అడిగింది. కిక్కిరిసిన హాల్లో మేమంతా ఆ మాట విన్నాం: "చేతులు పైకెత్తాడు." ఇది హత్య కేసంటూ జడ్జి పైకోర్టుకు పంపాడు. కోస్త్కా ఇప్పుడు జైల్లో ఉన్నాడు.

న్యాయం గెలిచిందని చప్పట్లు కొట్టకండి. లేషెక్ కుర్చీ కదల్లేదు. వేటగాళ్ళ పండుగనాడు చర్చిలో ఇప్పటికీ ముందు వరస అతనిదే. కదిలింది ఉర్షులా. తూర్పు సరిహద్దులోని చిన్న ఊరికి బదిలీ చేశారామెను.

వెళ్ళేరోజు బస్సు దాకా పెట్టె మోసుకొచ్చింది బోగ్నా. "తప్పు వాళ్ళదైతే శిక్ష మీకా మేడమ్?"

"నా సంగతి వదిలెయ్. లేషెక్ ఈ ఊళ్ళోనే ఉంటాడు. రోజూ నీ మొహం చూడాలి. నువ్వు మాత్రం తల దించకు."

బోగ్నా దించలేదు. అతను ఎదురైతే రోడ్డు మధ్యలో ఆగి కళ్ళలోకి చూస్తుంది. పక్కకి తప్పుకునేది అతనే.