అత్తగారిని దాటిన రోజు

తావ్‌ను అల్లుడిగా చేసుకోవడానికి సమ్నియంగ్ ససేమిరా అన్నది అతని కాళ్ళను చూసి కాదు. ఈ సంగతి ఆమె అడిగినవాళ్ళకూ చెప్పింది, అడగనివాళ్ళకూ చెప్పింది.

"కాళ్ళదేముంది. మా ఆయనకు రెండు కాళ్ళూ ఉండేవి. బతికున్నన్నాళ్ళూ ఊయల దిగాడా? నా బాధంతా ఈ పిల్లాడి చేతి గురించే. ఆ చేత్తో అమ్మిన లాటరీ టికెట్టు ఈ ఊళ్ళో ఒక్కరికన్నా తగిలిందా?"

తగల్లేదన్నది నిజమే. తావ్ అసలు పేరు ప్రచువప్. తల్లిని రెండు రోజులు తిప్పలుపెట్టి తీరిగ్గా పుట్టాడని మంత్రసాని తావ్ అని పిలిచింది. తావ్ అంటే వాళ్ళ భాషలో తాబేలు. మూడో ఏట పోలియో వచ్చి కాళ్ళు పడిపోయాక, పేరు పెట్టిన వేళ మంచిది కాదని ఊరంతా మంత్రసానిని ఆడిపోసుకుంది. తావ్ మాత్రం ఆ పేరునే వాడుకున్నాడు. చేతులతో తిప్పే మూడు చక్రాల బండికి ముందు టికెట్ల పెట్టె కట్టి, దాని మీద తాబేలు బొమ్మ వేయించి, చీ నది ఒడ్డున ఉన్న తన ఊరి నుంచి రోయెట్ బజారు దాకా రోజూ వెళ్ళి వచ్చేవాడు. పదేళ్ళు అలా తిప్పేసరికి భుజాలు మద్ది దుంగల్లా తయారయ్యాయి.

సమ్నియంగ్ ఒక్కగానొక్క కూతురు లమ్‌దువన్ అతని దగ్గర టికెట్టు ఎంచుకోవడానికి గంట తీసుకునేది. విషయం బయటపడ్డాక తల్లి నిలదీసింది.

"గంటసేపు ఎంచి ఎంచి కొన్నావు, ఒక్కటన్నా తగిలిందా?"

"నేను ఎంచింది టికెట్టు కాదమ్మా."

తల్లి నెల రోజులు మాట్లాడలేదు. కూతురు అంతకన్నా గట్టిది. తల్లి కొట్లో బొప్పాయి పచ్చడి దంచడం మానేసింది. సమ్నియంగ్ నిప్పుల మీద కాల్చే కోడికి పేరుందిగాని, జనం వచ్చేది ఆ పచ్చడి కోసం. వారం తిరక్కముందే పెళ్ళి చేసెయ్యమని కొట్టుకొచ్చేవాళ్ళే సమ్నియంగ్‌ను బతిమాలుకున్నారు.

పెళ్ళి ఊరేగింపు పెళ్ళికూతురింటికి వచ్చేటప్పుడు పిల్ల తరఫువాళ్ళు దారికి అడ్డంగా గొలుసులు పట్టుకుని నిలబడతారు. డబ్బు కవర్లు చేతిలో పడితేగాని దించరు. ఆ రోజు కవర్లు తావ్ స్నేహితుడి జేబులో ఉన్నాయి. ఆ స్నేహితుడు డోలు వాయించేవాళ్ళ మధ్య ఎగురుతున్నాడు. రోడ్డు నుంచి ఇంటి వాకిలి దాకా పల్లం. ఎవరో ఉత్సాహంకొద్దీ పెళ్ళికొడుకు కూర్చున్న వీల్‌చైర్‌ను వెనకనుంచి తోశారు. అది కదిలింది, ఇక ఆగలేదు. మొదటి గొలుసు పట్టుకున్న మేనత్తలు నవ్వుతూ చెయ్యి చాపేలోగా తావ్ మెడ వంచి దాని కింద నుంచి దూరిపోయాడు. రెండో గొలుసు కిందనుంచీ అలాగే. మూడోది పట్టుకున్నవాళ్ళు భయపడి వాళ్ళే వదిలేశారు. చివరికి అరటి బోదెల పందిరిని గుద్దుకుని చేపల పులుసు గుండిగ పక్కన ఆగాడు. పులుసు ఒలకలేదు.

సమ్నియంగ్ నడుం మీద చెయ్యి పెట్టుకుని కూతురి వంక చూసింది. "ఆగమన్నచోట ఆగనివాడు ఏం సంసారం చేస్తాడే?"

"వచ్చి ఆగింది మనింట్లోనే కదమ్మా," అంది లమ్‌దువన్.

పందిట్లో భోంచేస్తున్న వీరోత్ మాస్టారు విస్తరి వదిలేసి లేచి వచ్చాడు. స్కూల్లో డ్రిల్లు చెప్పి రిటైరైన మనిషి. సంతలో దున్నపోతును చూసినట్టు పెళ్ళికొడుకు చుట్టూ ఒక తిరుగు తిరిగి, భుజాలు నొక్కి చూశాడు.

"అంత వేగంలో మెడ అలా వంచడం నీకెవరు నేర్పారు?"

"గొలుసు నేర్పింది, మాస్టారూ."

"రేపు రా. మాట్లాడాలి."

"రేపా? ఇవాళేగా నా పెళ్ళి."

"అయితే ఎల్లుండి రా," అన్నాడు మాస్టారు, ఎంతో ఉదారంగా.

వికలాంగుల సంఘంవాళ్ళ దగ్గర మాస్టారు ఒక పాత పందెం బండి సంపాదించాడు. ముందుకు పొడుచుకొచ్చిన ముక్కు, దాని చివర ఒక చిన్న చక్రం, వెనక ఏటవాలుగా రెండు పెద్ద చక్రాలు. లారీ మీంచి దించుతుంటే ఊరివాళ్ళు నాట్లేసే మిషను అనుకున్నారు. అందులో మోకాళ్ళు మడుచుకు కూర్చుని, ఛాతీని తొడల మీదికి వంచి, చక్రాల పక్కనున్న వలయాలను కొట్టాలి. పట్టుకోకూడదు, కొట్టాలి. తావ్ పాత మోటారుసైకిలు టైరు కోసి, పంక్చర్ల జిగురుతో అంటించి చేతి తొడుగులు చేసుకున్నాడు. మొదటి వారం వేళ్ళు వాచి ముద్ద పట్టుకోలేకపోతే లమ్‌దువన్ జిగురన్నం ఉండలు చేసి నోట్లో పెట్టింది. సమ్నియంగ్ అది చూసి తల పక్కకు తిప్పుకుంది.

చిక్కల్లా ఎదురుగాలితో వచ్చింది. కాలువ గట్టు రోడ్డు మీద గాలి మనిషిని వెనక్కి తోస్తుంది. ముందు ఎవరైనా పోతూ ఉంటే వాళ్ళ చాటున తక్కువ శ్రమతో ఎక్కువ వేగం నేర్చుకోవచ్చు. మాస్టారి సైకిలు పాతది, మోకాళ్ళు అంతకన్నా పాతవి. ఆ రోడ్డు మీద రోజూ పొద్దున్నే ఒకే వేగంతో పోయేది ఒక్కటే. అది సమ్నియంగ్ మోటారుసైకిలు. దాని పక్కకు తగిలించిన, కోళ్ళు కాల్చే పొయ్యి బండి, పైన పెద్ద గొడుగు.

"కావాలంటే వెనకాల రా," అంది సమ్నియంగ్. "నాకు అడ్డం మాత్రం రాకు. బజార్లో నా చోటు పోతే నీ మాస్టారు తెచ్చిస్తాడా?"

అలా మొదలైంది. ముందు కోళ్ళ బండి, దాని వెనక తావ్, అతని వెనక దారిపొడుగునా కలిసే కుక్కలు. బండిలో రేడియో గొంతు చించుకుని మోలం జానపద పాటలు పాడేది. ఆమె బండికి అద్దం ఉందిగాని, అది వెనక రోడ్డును చూడటానికి కాదు, పెదాల రంగు చూసుకోవడానికి. గుంట వస్తే చెప్పదు, బ్రేకు వేస్తే చెప్పదు. ఆమె భుజం కదలికను బట్టి బండి ఎటు పోతుందో పసిగట్టడం తావ్ నేర్చుకున్నాడు. ఏడాదికల్లా ఆ పక్క జిల్లాల్లో అతనిలా ఒకరి వెనక అంటుకుపోయి పోగలిగినవాడు లేడు.

మొదటి జాతీయ పోటీల్లోనే అయిదు వేల మీటర్ల పందెంలో రెండోవాడిగా వచ్చాడు. ఊరు సంబరపడింది. మరుసటేడు రెండోవాడు. ఆపై ఏడాది మళ్ళీ రెండోవాడు. ప్రతిసారీ ముందున్నది సాంగ్‌ఖ్లా నుంచి వచ్చే దేచానే. తావ్ అతని వెనక ఒగరుపు లేకుండా వస్తాడు. చివరి మలుపులో దాటడానికి కావలసినంత బలం మిగిలి ఉంటుంది. దాటడు.

"అన్నా, నా వీపు మీద ఏమన్నా రాసుందా?" అన్నాడు దేచా ఒకసారి, మెడలో బంగారు పతకం సర్దుకుంటూ. "ఇంత శ్రద్ధగా చదువుతున్నావు, ఏళ్ళ తరబడి."

తిరుగు బస్సులో మాస్టారు పట్టుకున్నాడు. "నీకేం తక్కువరా? ఎందుకు దాటవు?"

తావ్ అరచేతులు తిప్పి చూసుకున్నాడు. "చేతులు లేవడం లేదు మాస్టారూ. పక్కకు తిప్పబోతే భయం పుడుతుంది."

"ఏం భయం?"

"తిడతారని."

"ఎవరు, దేచానా?"

"కాదు."

మాస్టారికి విషయం అర్థమైంది. మర్నాడు సమ్నియంగ్ కొట్టుకు వెళ్ళి, ఒక కోడి కొని, తిని, ఇంకోటి కూడా కొన్నాక మెల్లగా ఎత్తాడు. "ఒక్క రోజు వాణ్ణి నిన్ను దాటనియ్యమ్మా. వాడికి అలవాటు కావాలి."

సమ్నియంగ్ నిప్పులు విసరడం ఆపలేదు. "నేను పోయేది బజారుకి మాస్టారూ, పందేనికి కాదు. నన్ను దాటి ముందుకుపోయి వాడేం చేస్తాడు? కోళ్ళు నా దగ్గరున్నాయి. అయినా చూసినవాళ్ళు ఏమంటారు, అత్తను దుమ్ములో వదిలేసి పోయాడనరా?"

మాస్టారు మూడో కోడి కొనకుండానే లేచాడు.

ఎండాకాలం వచ్చింది. బజారుకు చేరగానే అమ్మకం మొదలుపెట్టాలని సమ్నియంగ్ ఇంటి దగ్గరే నిప్పులు రాజేసి బయల్దేరింది. వెనక తావ్. గాలి ఆ రోజు అటూ ఇటూ కొడుతోంది. ముందు పొగ కనబడితే కోడి కొవ్వు కాలుతోందనుకున్నాడు. తర్వాత చూస్తే గొడుగు అంచు కుచ్చులు ఎర్రగా అంటుకుని, మంట మెల్లగా పైకి పాకుతోంది. అత్తగారు దాని నీడలోనే కూర్చుని రేడియోతో గొంతు కలిపి పాడుతోంది.

"అమ్మా, ఆగు," అని అరిచాడు.

ఆమె తల తిప్పలేదు. "ఇప్పుడే అలిసిపోయావా? ఆగితే నా చోటు పోతుంది. నువ్వే కాస్త గట్టిగా కొట్టు," అని యాక్సిలరేటరు తిప్పింది.

తావ్ రెండోసారి అరవలేదు. బండిని పక్కకు తిప్పాడు. ఇన్నేళ్ళలో అతను అత్తగారి బండిని పరుగులో పక్కనుంచి చూడటం అదే మొదలు. దాని మీద కోడి బొమ్మ ఉందని కూడా అప్పుడే గమనించాడు. పాత భయం లేచింది, చేతులు మాత్రం వలయాలను కొడుతూనే ఉన్నాయి. పక్కకు వచ్చేశాడు. సమ్నియంగ్ తల తిప్పి చూసి, పళ్ళెంలో అన్నం లేచి మాట్లాడినట్టు నోరు తెరిచింది.

"ఏంటిది?"

"అమ్మా, గొడుగు..."

"వెనక్కి పో."

"కాలుతోందమ్మా."

"నాకూ కాలుతోంది. వెనక్కి పో ముందు."

ఆమె ఇంకా వేగం పెంచింది. తావ్ ఇంకా గట్టిగా కొట్టాడు. అత్తా అల్లుడూ పక్కపక్కనే కాలువ గట్టు మీద దూసుకుపోతుంటే నారుమళ్ళలో ఉన్నవాళ్ళు నడుం ఎత్తి చూశారు. ఎవరి వెంట పడాలో తెలియక కుక్కలు రెండు జట్లయ్యాయి. వంతెన దగ్గరి పల్లంలో తావ్ ఒక అడుగు ముందుకు వచ్చాడు, తర్వాత బండెడు ముందుకు వచ్చాడు, ఆ తర్వాత రోడ్డుకు అడ్డంగా తిరిగాడు.

సమ్నియంగ్ హేండిల్ వంచింది. పొయ్యి, కోళ్ళు, గొడుగు, రేడియో, ఆమె, అంతా కలిసి గట్టు దిగి నీళ్ళు పెట్టిన పొలంలోకి జారిపోయారు. గొడుగు సుయ్‌మని చల్లారింది. కుక్కలకు ఆ రోజు పండగ.

తావ్ గట్టు అంచుకు వచ్చి ఆగాడు. అత్తగారు మోకాలి లోతు బురదలో నిలబడి, మాడిన గొడుగు వంక చూసి, అల్లుడి వంక చూసింది. కింద పడ్డా పైచేయి ఆమెదే.

"నేను కావాలనే దించాను," అంది. "ఆర్పడానికి."

"అవునమ్మా."

"నన్ను దాటావు."

"దాటానమ్మా."

ఆమె మొహం మీది బురద తుడుచుకుంది. "నన్ను దాటినవాడు రేపు ఆ సాంగ్‌ఖ్లావాణ్ణి దాటలేదనుకో, ఊళ్ళో నా పరువేం కావాలి? వాడు నాకంటే గొప్పవాడనా? ఆలోచించుకుని ఇంటికి రా."

ఆ ఏటి జాతీయ పోటీల్లో చివరి మలుపు దగ్గర తావ్ మామూలుగానే దేచా వెనక ఉన్నాడు. భయమూ మామూలుగానే లేచింది. అయితే ఈసారి అంతకన్నా పెద్ద భయం ఇంటి దగ్గర ఉంది. పక్కకు తిప్పాడు. దేచా ఓరగా చూసి, నమ్మలేక ఇంకోసారి చూశాడు. ఆ రెండో చూపులోనే పందెం పోగొట్టుకున్నాడు. గీత దాటాక పక్కకు వచ్చి ఆయాసపడుతూ అన్నాడు: "మొత్తానికి చదవడం అయిపోయిందన్నమాట."

అక్కణ్ణుంచి తావ్‌కు ఎదురు లేకపోయింది. ఆసియా పోటీల్లో రెండు బంగారాలు తెచ్చాడు. జపాన్ మారథాన్‌లో గడ్డకట్టే వానలో గెలిచి, చలికి పళ్ళు కొట్టుకుంటూ పత్రికలవాళ్ళకు ఒక్క ముక్క చెప్పలేకపోతే, ఎంత వినయమో అని రాశారు.

సొంత జిల్లాలో సన్మానం పెట్టారు. వేదికకు మెట్లు మాత్రమే ఉన్నాయి. జిల్లా పెద్దాయన పైన దండ పట్టుకుని నిలబడి, ఈ వీరుడికి అడ్డంకి అనేదే లేదని మైకులో చెబుతున్నాడు. వీరుడు కింద ఎండలో ఉన్నాడు. నలుగురు కుర్రాళ్ళు ఎత్తుకెళ్ళడానికి ముందుకొచ్చారు. సమ్నియంగ్ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆయనకు కాళ్ళున్నాయిగా," అంది, మైకు అవసరం లేని గొంతుతో. "దిగమనండి."

ఆయన దిగాడు. ఫోటోల్లో ఇద్దరూ ఎండకు కళ్ళు చికిలించి ఉంటారు.

నలభై దాటినా తావ్ పందెం మానలేదు. మానమని మాస్టారు రెండుసార్లు చెప్పి, మూడోసారి చెప్పకుండానే కన్నుమూశాడు. చివరికి బ్యాంకాక్‌లో ఒక జాతీయ పోటీలో ముగ్గురు కుర్రాళ్ళు, ఒకడి తర్వాత ఒకడు, చివరి మలుపులో అతన్ని దాటిపోయారు. ఏడుపొస్తుందనుకున్నాడు. రాలేదు. వాళ్ళు మలుపు తీసుకున్న తీరు బాగుందని మాత్రం అనిపించింది. పందెం బండిని వ్యానుకు కట్టించి, సాయంత్రం లమ్‌దువన్‌తో స్టేడియం వెనక సందులో నూడుల్స్ బండి దగ్గర కూర్చున్నాడు. ఫోన్ మోగింది. సమ్నియంగ్.

"ఎంతమంది దాటారు?"

"ముగ్గురమ్మా."

"ఎవరి పిల్లలు?"

"తెలీదు. అందరూ ఇరవై లోపువాళ్ళే."

"ఈ కాలప్పిల్లలకు పెద్దంతరం చిన్నంతరం లేదు," అంది ఆమె. అంతలోనే, "దెబ్బలేం తగల్లేదుగా?"

"లేదమ్మా."

"సరే. రేపు పొద్దున్నే వచ్చెయ్యండి," అని పెట్టేసింది.

తావ్ గిన్నె అడుగున ఉన్న పులుసు కూడా తాగేశాడు. బరువు పెరిగితే పందెం బండిలో పట్టడని మాస్టారు పెట్టిన నియమం వల్ల ఇరవై ఏళ్ళుగా రెండో గిన్నె ముట్టలేదు. ఇప్పుడతను నూడుల్స్ బండివాడికి చెయ్యి ఊపి, ఇంకో గిన్నె, కొవ్వు ముక్కలు ఎక్కువ వేసి, అన్నాడు. లమ్‌దువన్ కారం సీసా అతని వైపు జరిపింది.