కృపారాణి ఏడు జన్మలు

కృపారాణి పోయిన దగ్గర్నుంచీ ఊళ్ళోవాళ్ళంతా ఆమెను సాధువుగా మార్చే పనిలో పడ్డారు. జ్ఞాపకార్థ కూడికలో పాస్టరుగారు ఆమెను శాంతమూర్తి అన్నారు. బడిలో సంతాపసభ పెట్టి హెడ్మాస్టరు మృదుభాషిణి అన్నాడు. ఆయన ఆమెతో మాట్లాడింది ఒకే ఒక్కసారి, భర్తకు వేసిన పరీక్ష డ్యూటీల విషయంలో ఆమె ఆయన్ని గుమ్మంలో నిలబెట్టి కడిగేసిన రోజు. అదే హెడ్మాస్టరు కళ్ళు తుడుచుకుంటుంటే, నరసన్నపేట హైస్కూల్లో సోషల్ చెప్పే ఆమె భర్త సత్యానందం తల వంచుకుని కూర్చున్నాడు. ఇలాగే సాగితే కొన్నాళ్ళకు తనకూ ఆ శాంతమూర్తే గుర్తుంటుందేమోనని ఆయనకు భయం వేసింది.

అందుకని ఒక నాటిక రాశాడు. ఆస్పత్రి గది. మంచం మీద భార్య, పక్కన స్టూలు మీద భర్త. నాటికంతా ఆమె అతణ్ణి తిడుతూనే ఉంటుంది. చివరికి ఇంకో తిట్టు తిట్టి బయటికి పంపుతుంది. అతను వెళ్తాడు. తెర పడుతుంది. జరిగిందీ అంతే. సత్యానందం తిరిగొచ్చేసరికి ఆమె లేదు. నాటిక మంచిదా కాదా అన్నది ఆయనకు పట్టలేదు. ఆమె ఆఖరి మాటలు ఆమె అన్నట్టుగానే నలుగురి ముందు ఒక్కసారి వినబడాలి, విన్నవాళ్ళు నవ్వాలి. ఆమె తిట్టినప్పుడు తిట్లు తిన్నవాడు కూడా నవ్వుకునేవాడు మరి.

నాటక సమాజం నడిపే అప్పలసూరికి అది నచ్చలేదు. కానీ గజపతినగరం నాటికల పోటీలకు పేరు ఇచ్చేసి ఉన్నాడు. నాటిక రాసిస్తానన్న రచయిత దాన్ని కాస్తా ఇంకో సమాజానికి ఇచ్చేశాడు.

"మేస్టారూ, ఆవిడ సచ్చిపోతాది గదా. మరి ఏడుపేదండీ?" అన్నాడు నాటిక ప్రతి తిరగేస్తూ.

"అతను బయటికి వెళ్ళాక పోతుందండీ."

"అంటే స్టేజీ మీద మొగుడుండడు, ఏడిసేవోడే ఉండడు! జడ్జీలు కరుణరసం మార్కులు ఎక్కడెయ్యాల? నా నెత్తి మీదా?"

"మిగతాదేం మార్చినా ఏమీ అనను. చివర ఆమె మాటలు మాత్రం ముట్టుకోకండి."

భర్త వేషం తనదే కాబట్టి, తన డైలాగులు లెక్క చూసుకుని అప్పలసూరి ఒప్పుకున్నాడు.

ఆ చుట్టుపక్కల నాటికలు వేసే మగవాళ్ళకు కొదవ లేదు. ఆడవాళ్ళకే కరువు. అందుకని విజయనగరం దుర్గాభవానిని సమాజాలన్నీ పంచుకుంటాయి. ఆ ఏడాది పోటీల్లో ఆమె నాలుగు నాటికల్లో భార్య. నాలుగింటిలోనూ చనిపోతుంది. భార్య చనిపోని నాటికకు బహుమతి రావడం కష్టమని అందరికీ తెలుసు. రిహార్సల్లో సత్యానందం రాసిన ఆఖరి మాటలు చదివి ఆమె పకపకా నవ్వింది.

"మా అమ్మా ఇలాగే తిడతాది సారూ. ఒక్క ముక్క పోనివ్వను, సూడండి."

ఆమె నవ్వు విని సత్యానందం ఆ రాత్రి చాలా రోజుల తర్వాత కడుపునిండా తిన్నాడు.

పోటీలు గజపతినగరంలో ఒక కళ్యాణ మండపంలో పెట్టారు. కృపారాణి చెల్లెలు జ్ఞానసుందరి పాస్టరుగారినీ సంఘంలోని ఆడవాళ్ళనీ వెంటబెట్టుకొచ్చి ముందు వరసలో కూర్చుంది. గోడకు ఏసుప్రభువు క్యాలెండరు, దాని కింద మంచం, మంచం మీద దుర్గాభవాని. అంతా బాగానే సాగింది. జనం రెండుచోట్ల నవ్వారు కూడా. ఆఖరి ఘట్టం వచ్చింది. అప్పలసూరి స్టూలు ముందుకు జరుపుకుని, "ఏటే, ఎలాగుంది?" అన్నాడు.

అంతకుముందు రోజు ఇంకో నాటికలో ఇంకో భర్త కూడా ఆమెను అదే మాట అడిగాడు. దుర్గాభవాని కళ్ళు పైకెత్తింది. గొంతు వణికించింది.

"ఏవండీ, పసుపు కుంకుమలతో వెళ్ళిపోతున్నాను. ఏడేడు జన్మలకూ మీరే నా భర్త కావాలని ఆ కొండ మీద దేవుడికి మొక్కుకున్నానండీ!"

ముందు వరసలో పాస్టరుగారు "ప్రభువా" అన్నారు. అప్పలసూరి ఒక్క క్షణం తెల్లబోయాడు. కానీ ఇలాంటి భర్తగా అతనికి బోలెడు అనుభవం ఉంది. ఆమె మీద పడి బావురుమన్నాడు. సంగీతం వేసేవాడికి ఇన్నాళ్ళకు పని దొరికింది, షెహనాయి పెట్టాడు. హాలంతా చప్పట్లు, ఈలలు, ముక్కు చీదుళ్ళు.

తెర వెనక దుర్గాభవాని నాలిక కరుచుకుంది.

"సారూ, నాలుగు సావులూ కలిసిపోనాయండీ. ఏ సావు ఎక్కడిదో తెలీకుండా పోనాది. తిట్టండి సారూ, పడతాను."

సత్యానందానికి తిట్టడం రాదు. ఇంట్లో ఆ పని ఎప్పుడూ తనది కాదు. "పర్లేదమ్మా" అని బయటికొచ్చాడు.

బయట జ్ఞానసుందరి కాచుకుని ఉంది. "బావా, మా అక్కకి ఈ జన్మలోనే నీతో యాష్టపోయి ఇసుగెత్తిపోనాది. ఇంకా ఏడు జన్మలు కావాలన్నాదేటి?"



పృథ్వీరాజ్ అనే విలేకరి నాటిక జరుగుతున్నంతసేపూ తెర వెనకే తిరిగి మేకప్పు ఎవరు, లైట్లు ఎవరు, మైకు ఎవరు అని పేర్లు రాసుకున్నాడు. తెల్లారి పేపర్లో "అందరూ తమ తమ పాత్రల్లో జీవించారు" అని సమీక్ష వచ్చింది. జీవించినవారి పేర్లన్నీ వేశారు. రచయిత పేరు వెయ్యడానికి చోటు చాలలేదు.

రాత్రి బస్సు దొరక్క జ్ఞానసుందరీ పాస్టరుగారూ కూడా ఊళ్ళోనే ఉండిపోయారు. పొద్దున్న పదింటికి అదే మండపంలో గుణదోష విశ్లేషణ. అంటే న్యాయనిర్ణేతలు ప్రతి నాటికలోనూ మంచీ చెడూ చెబుతారు, చెడు చెప్పినచోట సమాజాలవాళ్ళు గొడవకు దిగుతారు. ప్రధాన న్యాయనిర్ణేత మోహనకృష్ణ, రిటైరైన లెక్చరరు.

"గోడ మీద ఏసుక్రీస్తు, నోట ఏడు జన్మలు!" అన్నాడాయన చెయ్యెత్తి. "మత సామరస్యాన్ని ఇంత సూటిగా చెప్పిన నాటికను నా అనుభవంలో చూడలేదు. మొదటంతా ఆ తిట్లే కాస్త అసహజం. మరణశయ్య మీద ఉన్న ఇల్లాలు భర్తను తిడుతుందా? అది దోషం. కానీ ఆ ఆఖరి మాటలున్నాయే, అవి రచయిత గుండెల్లోంచి వచ్చాయి. ఉత్తమ రచన ఈ నాటికకే ఇస్తున్నాం. మాస్టారూ, రండి."

అప్పలసూరి వెనకనుంచి పొడిచాడు. "ఎల్లండి, ఎల్లండి. కార్యదర్శి శాలువా పట్టుకుని అలాగే నిలబడిపోనాడు పాపం."

సత్యానందం వేదిక ఎక్కాడు. శాలువా అందుకోలేదు. మైకు దగ్గరికి వెళ్ళి, "ఆ ఆఖరి మాటలు నావి కావండీ" అన్నాడు.

"అదీ వినయమంటే!" అన్నాడు మోహనకృష్ణ. జనం చప్పట్లు కొట్టారు.

సత్యానందం చప్పట్లు ఆగేదాకా చూసి, బస్సుకోసం సంచీ సర్దుకుని గుమ్మం దగ్గర నిలబడ్డ దుర్గాభవానిని పిలిచాడు. "అమ్మా, ఆ చివరి ముక్క ఒక్కసారి."

ఆమె సంచీ కింద పెట్టింది. వేదిక మీద ప్లాస్టిక్ కుర్చీలో వెనక్కి వాలింది. మేకప్పు లేదు, సంగీతం లేదు. ఆయన్నే చూస్తూ అంది:

"బడికి లీవు లెటరు పంపినావా? నేదా? ఓరి నీ బుర్ర తగలడా! నాకు జొరమొస్తే నువ్వెందుకు మంచం పట్టినట్టు కూకున్నావు? రేపు జీతం కోసీసినాక ఆ హెడ్మాస్టరు కాళ్ళు నాను పట్టుకోవాలా? అలా సూడకు. ఎల్లు. లేసి ఎల్లు."

ముందు ఎవరో ఒకరు నవ్వారు. తర్వాత హాలంతా నవ్వింది. ఆ నవ్వు ఉన్నట్టుండి కొందరి దగ్గర ఆగిపోయింది. జ్ఞానసుందరి మాత్రం పమిట నోట్లో కుక్కుకుని నవ్వుతూనే పాస్టరుగారితో, "అద్గదండీ మా అక్క" అంది.

మోహనకృష్ణ గొంతు సవరించుకున్నాడు. "బాగుంది. కాకపోతే ఇది హాస్యనాటికల విభాగంలోకి వస్తుంది."

శాలువా ఎవరికి కప్పాలో తెలియక కార్యదర్శి దాన్ని మడత పెట్టేశాడు. సత్యానందం మెట్లు దిగివచ్చాడు. రిహార్సల్లో తన డైలాగులు తప్ప ఎదుటివాళ్ళవి ఎప్పుడూ వినని అప్పలసూరి ఆయన చెయ్యి పట్టుకుని పక్కకు లాగాడు.

"మేస్టారూ, ఇంత మంచి డైలాగు దాసుకున్నారేటండీ? వచ్చే ఏడు నాటికలో ఎట్టీండి."

పెడతానన్నాడు సత్యానందం.